వైరస్ పట్టిన సిస్టమ్‌ని తుడిచి విండోస్ ఎక్కించేటప్పుడు డీ డ్రైవ్‌ని వదలొద్దు

మన దగ్గర ఫార్మాట్ అంటే సీ డ్రైవ్ ఒక్కటే తుడిచి, డీ, ఈ డ్రైవ్‌లు ముట్టుకోకుండా ఉంచేయడం. వారం తిరక్కుండా అదే వైరస్ మళ్లీ కనిపిస్తే చాలాసార్లు కారణం అదే. డీలో దాచిన సాఫ్ట్‌వేర్ల ఫోల్డర్‌లో క్రాక్ చేసిన సెటప్పో, కొనకుండానే యాక్టివేట్ చేసే దొంగ యాక్టివేటరో ఉంటుంది. కొత్త విండోస్ ఎక్కగానే ముందు డబుల్ క్లిక్ చేసేదీ దాన్నే. తుడిస్తే డిస్కు మొత్తం తుడవాలి.

ముందు వైఫై ఆపి, లాన్ వైరు పీకేయండి. బ్యాంకు ఖాతాలోంచి డబ్బు పోయి ఉంటే మాత్రం ఫార్మాట్ జోలికి పోకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, డిస్కులో ఆధారాలు ఉండొచ్చు. ట్యాలీ వాడేవాళ్లు డిస్కు తుడవకముందే లైసెన్స్ సరెండర్ చేసి, డేటా ఫోల్డర్ కాపీ తీసుకోవాలి.

బ్యాకప్‌లోకి ఫొటోలు, వీడియోలు, పీడీఎఫ్‌లు, మామూలు వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు చాలు. పేరు చివర ఈఎక్స్ఈ, ఎస్‌సీఆర్, బ్యాట్, జేఎస్, ఎల్ఎన్‌కే అని ఉండే ఫైళ్లు, అంటే తెరవగానే ప్రోగ్రామ్ నడిపించగలిగేవి, ఒక్కటీ వద్దు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో లోకి వెళ్లి 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' టిక్ పెడితేనే అసలు రూపం తెలుస్తుంది. 'పెళ్లిఫొటో.జేపీజీ' అనుకున్నది 'పెళ్లిఫొటో.జేపీజీ.ఈఎక్స్ఈ' అయి ఉండొచ్చు. జిరాక్స్ షాపుల నుంచి వచ్చే పెన్‌డ్రైవ్‌లలో ఫోల్డర్ బొమ్మ మూలన చిన్న బాణం, సైజు 1 లేదా 2 కేబీ ఉంటే అది ఫోల్డర్ కాదు, షార్ట్‌కట్. దాన్ని తెరవకండి, అసలు ఫోల్డర్ అక్కడే దాచి ఉంటుంది. రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్, తాళం వేసిన ఫైళ్లను కూడా దాచుకోండి. 'నో మోర్ రాన్సమ్' సైట్లో దానికి విరుగుడు ఈరోజు లేకపోయినా తర్వాత రావచ్చు.

ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్‌ని వైరస్ లేని వేరే కంప్యూటర్‌లోనే తయారు చేయాలి. కనీసం 8 జీబీ ఉండాలి, అందులో ఉన్నదంతా పోతుంది. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించుకుని విండోస్ 11 ఎక్కించండి. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది.

బ్యాకప్ హార్డ్‌డిస్క్ పీకేసి, పెన్‌డ్రైవ్ పెట్టి సిస్టమ్ ఆన్ చేయండి. పెన్‌డ్రైవ్ నుంచి సిస్టమ్ లేపే బూట్ మెనూకి డెల్, లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్. ప్రొడక్ట్ కీ అడిగితే 'లేదు' అనండి. పాత విండోస్ అసలైనదైతే లైసెన్స్ మదర్‌బోర్డుకి ముడిపడి ఉంటుంది. అయితే ఇంతకుముందు హోమ్ ఉంటే హోమే, ప్రో ఉంటే ప్రోనే ఎంచుకోవాలి. లేకపోతే యాక్టివేట్ కాదు.

డిస్కు పేజీ దగ్గర తొందరపడకండి. డ్రైవ్ 0 కింద 100 ఎంబీ సిస్టమ్ ముక్క, సీ, డీ, రికవరీ అంటూ వరసలు ఉంటాయి. రికవరీతో సహా ఒక్కొక్కటీ డిలీట్ చేస్తూ పోతే చివరికి 'అన్‌అలొకేటెడ్ స్పేస్' అనే ఒక్క వరస మిగలాలి. దాన్ని ఎంచుకుని నెక్స్ట్ కొడితే కావలసిన ముక్కలు విండోసే చేసుకుంటుంది. అసలు డిస్కే కనిపించలేదంటే అది పాడైందని భయపడక్కర్లేదు. ఇంటెల్ 11వ తరం, ఆపై ల్యాప్‌టాప్‌లలో ఇది మామూలే. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ తెచ్చి, విప్పి పెన్‌డ్రైవ్‌లో వేసి, 'లోడ్ డ్రైవర్' నొక్కండి.

విండోస్ లేచాక వైఫై రాకపోతే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టండి. అప్‌డేట్లన్నీ అయ్యాకే బ్యాకప్ డిస్కు తగిలించి, విండోస్‌తోనే వచ్చే డిఫెండర్ యాంటీవైరస్‌తో మొత్తం స్కాన్ చేసి, ఆ తర్వాతే ఫైళ్లు దించండి. క్రోమ్‌లో లాగిన్ అయ్యేటప్పుడు సింక్‌లో ఎక్స్‌టెన్షన్స్ (బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్‌లు) ఆపేయండి, లేకపోతే పాత దొంగ ఎక్స్‌టెన్షన్ దానంతటదే తిరిగొస్తుంది.

పాస్‌వర్డ్‌లు మార్చడానికి ఇదంతా అయ్యేదాకా ఆగక్కర్లేదు, మొదటి రోజే ఫోన్ నుంచి మార్చండి. జీమెయిల్‌తో మొదలుపెట్టి, మిగతా పరికరాలన్నింటినీ సైన్ అవుట్ చేయండి. బ్రౌజర్‌లోంచి కుకీని, అంటే మీరు లాగిన్ అయి ఉన్నారని గుర్తుంచుకునే చిన్న ఫైల్‌ని, దొంగిలించినవాడికి పాస్‌వర్డూ, ఓటీపీ రెండూ అక్కర్లేదు. జీమెయిల్ సెట్టింగుల్లో ఫార్వార్డింగ్, ఫిల్టర్లు కూడా తెరిచి, మీరు పెట్టని అడ్రసు ఏదైనా కనిపిస్తే తీసేయండి.