పిల్లలు పాఠం వినే పార్కులో విగ్రహం ఎక్కడ పెట్టాలి?

ఊళ్లో పార్కు కడదాం అనగానే ముందు విగ్రహం మాటే వస్తుంది. మధ్యలో ఆరడుగుల దిమ్మె కట్టి, చుట్టూ రెయిలింగ్ వేసి, మిగిలిన జాగాలో పచ్చిక పరిచేస్తారు, తీరా టీచరు నలభై మంది పిల్లల్ని తీసుకొస్తే కూర్చోబెట్టే నీడే ఉండదు. అందుకే వరస మార్చండి. పిల్లలు ఎక్కడ కూర్చుంటారో ముందు తేల్చుకుని, విగ్రహం సంగతి తర్వాత చూడండి.

ఉదాహరణకు వనజీవి రామయ్య గారి పేరుతో పార్కు అనుకుందాం. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి ఆయనది. సైకిల్ మీద విత్తనాలు, మొక్కలు వేసుకుని ఊళ్లు తిరిగి నాటిన మనిషి, 2017లో పద్మశ్రీ వచ్చింది, 2025 ఏప్రిల్‌లో పోయారు. ఆయన విగ్రహమంటే నాకైతే దండం పెడుతున్న భంగిమ వద్దనిపిస్తుంది. మోకాలి మీద కూర్చుని, పిడికిట్లోంచి గింజలు జారవిడుస్తున్నట్టు చేయించండి. ఆ చెయ్యి కిందే నిజమైన మట్టి మడి ఉంచండి. ఏటా జూన్‌లో బడి తెరవగానే పిల్లలు అందులోనే విత్తనం వేస్తారు.

దిమ్మె ఎత్తు అడుగు దాటనివ్వకండి. బెంగాల్‌లోని శాంతినికేతన్‌లో శిల్పి రామ్‌కింకర్ బైజ్ 1938లో సిమెంటు, ఎర్రకంకరతో చేసిన సంథాల్ గిరిజన కుటుంబం విగ్రహాలు చిన్న గద్దె మీదే ఉంటాయి. పక్కన నిలబడితే వాళ్లతో కలిసి నడుస్తున్నట్టే ఉంటుంది. పిల్లలు ముట్టుకుంటే విగ్రహం పాడవుతుందని చాలామంది భయపడతారు కానీ, గ్రానైట్‌కో కంచుకో చేతులు తగిలితే ఏమీ కాదు. పాడయ్యేది సిమెంటు బొమ్మ, లోపలి ఇనుప చువ్వ తుప్పు పడితే పైన పెచ్చులు ఊడిపోతాయి.

కూర్చునే చోటు లెక్క సులువే. విగ్రహం నుంచి 12 అడుగుల దూరంలో అర్ధచంద్రాకారంగా ఒక అరుగు కడితే పిల్లకు అడుగున్నర చొప్పున 25 మంది పడతారు. 15 అడుగుల దగ్గర, కాస్త ఎత్తులో ఇంకో అరుగు కడితే మరో 30 మంది. నడవడానికి దారులు వదిలినా ఒక క్లాసు హాయిగా సరిపోతుంది. అరుగులు తూర్పున, విగ్రహం ముఖం కూడా తూర్పుకే. అప్పుడు పొద్దున క్లాసులో ఎండ పిల్లల వీపు వైపు ఉంటుంది, విగ్రహం ముఖం మీద వెలుగు పడుతుంది. మా ఊళ్లో దీన్ని తిప్పి కట్టారు, పొద్దునపూట పిల్లలంతా కళ్లు చిట్లించుకుని చూడాల్సి వచ్చేది.

అరుగుల వెనక కానుగలు పెట్టండి, దట్టమైన నీడ ఇస్తాయి. మరో పక్క నేరేడు, మద్ది వేస్తే పండును పక్షి ఎలా మోస్తుందో, రెక్కలున్న కాయను గాలి ఎలా మోస్తుందో అక్కడే చూపించొచ్చు. రావి, మర్రి మాత్రం దిమ్మె దగ్గర వద్దు, వేళ్లు పగలగొడతాయి. పచ్చగన్నేరు గింజలు విషం, పిల్లలు తిరిగే చోట అస్సలు పెట్టొద్దు.

నీడ కూడా పాఠమే. ఒక నిటారు స్తంభం పాతి, నెలకోసారి మిట్టమధ్యాహ్నం దాని నీడ కొన దగ్గర రాయి పెట్టించండి. హైదరాబాద్ ప్రాంతంలో మే 9, ఆగస్టు 3 చుట్టుపక్కల ఆ నీడ మాయమవుతుంది, జూన్‌లో దక్షిణానికి పడుతుంది. మేలో సెలవులు కాబట్టి ఆగస్టు రోజుకు క్లాసును రప్పించండి, మబ్బు లేకపోతే ఆ పూట పిల్లల మొహాలు చూడాలి.

శిలాఫలకం మీద ఆయన ఏం చేశారో నాలుగు వాక్యాల్లో, పెద్ద తెలుగు అక్షరాల్లో, రాతిలో లోతుగా చెక్కించండి. పెయింటుతో రాయిస్తే రెండు వానాకాలాలకు చెరిగిపోతుంది, మా దగ్గర అదే జరిగింది. దాతల పేర్లు గేటు దగ్గర వేరే రాయి మీద పెట్టండి. దండలు వేయడానికి విగ్రహం పక్కనే ఒక చదును బండ ఉంచితే, నిచ్చెనలు వేసి మెడకెక్కే గొడవ ఉండదు.

అనుమతి రాతపూర్వకంగా ముందే తీసుకోండి. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, జనం వాడుకునే చోట్ల కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది, మునిసిపాలిటీ వాళ్లు మొదట అడిగేది అదే.

కాంక్రీటు పోయకముందు అరుగుల గీతలన్నీ ముగ్గుపిండితో గీయండి. విగ్రహం స్థానంలో ఒక మనిషిని మోకాలి మీద కూర్చోబెట్టి, బడి నుంచి ఒక క్లాసును పిలవండి. వెనక వరసలో అందరికన్నా పొట్టి పిల్లను అడగండి, ఆ మనిషి చెయ్యి కనిపిస్తోందా అని. కనిపించకపోతే ముగ్గు చెరిపి మళ్లీ గీయండి.