దాక్షిణాత్యులు: ఈ మాటను ఎలా రాయాలి, ఎక్కడ వాడాలి

ముందు వర్ణక్రమం సరిచూసుకోవాలి. ‘దక్షిణా’ అనే అవ్యయానికి ‘త్య’ ప్రత్యయం చేరి, మొదటి అచ్చు దీర్ఘమై ‘దాక్షిణాత్య’ ఏర్పడుతుందని పాణిని వ్యాకరణం చెబుతుంది. ‘పాశ్చాత్య’ పుట్టినదీ ఈ దారినే. కాబట్టి ‘దక్షిణాత్యులు’ అని దీర్ఘాన్ని వదిలేయడమూ, ‘దాక్షిణ్యం’ మనసులో మెదిలి ‘దాక్షిణ్యాత్యులు’ అని లేని యవత్తును తగిలించడమూ రెండూ తప్పులే.

దీనికి జోడు మాట ‘ఔత్తరాహులు’, అంటే ఉత్తరాదివారు. ఉత్తరంతో పోల్చి చూసినప్పుడే ‘దాక్షిణాత్యులు’ అనే మాటకు అర్థం నిండుతుంది కనుక, ‘ఢిల్లీలో స్థిరపడిన దాక్షిణాత్యులు’ అన్న వాక్యం సహజంగా ఉంటుంది గాని, గుంటూరులో పక్కింటివారిని అలా పేర్కొంటే నవ్వు వస్తుంది. మనిషి భాష తెలిసినప్పుడు తెలుగువారు, కన్నడిగులు, తమిళులు, మలయాళీలు అని తేల్చి చెప్పడమే మర్యాద. స్త్రీ విషయంలో ‘దాక్షిణాత్యురాలు’ నాకు కొంత ఎబ్బెట్టుగా తోస్తుంది. ‘దాక్షిణాత్య మహిళ’ నయం. వాడుక భాషలో రాసేవారికి ‘దక్షిణాదివారు’ చాలు.

పాత గ్రంథాలు చదివేటప్పుడు హద్దు మారుతుందని గుర్తుంచుకోవాలి. వింధ్యకు దక్షిణాన ఉన్న బ్రాహ్మణ వర్గాలను చెప్పే పంచద్రావిడుల లెక్కలో కర్ణాటక, తెలంగ, ద్రావిడులతోపాటు మహారాష్ట్రులు, గుర్జరులు కూడా ఉన్నారు. నేడు దక్షిణాది అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు, కేరళ, పుదుచ్చేరి అనే తలుస్తాం. ‘ద్రావిడులు’ అన్న మాటను దీనికి బదులుగా వాడకూడదు. అది భాషా కుటుంబాన్నీ, తమిళనాట రాజకీయ భావననూ వెంటబెట్టుకొని వస్తుంది.

ఇక ‘మదరాసీ’. మద్రాసు ప్రెసిడెన్సీ ఉన్న రోజుల్లో పుట్టిన ఈ పిలుపు, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయినా, 1969లో మద్రాసు రాష్ట్రం పేరే తమిళనాడుగా మారినా, ఉత్తరాదిన పోలేదు. పూర్వం హైదరాబాద్ రాజ్యంలో ఉన్న వరంగల్, కరీంనగర్ ప్రాంతాలవారికి ఇది చరిత్ర రీత్యా కూడా అతకదు. ఎగతాళి ధ్వని ఉన్నందున సొంత వాక్యంలో దీన్ని రాయకపోవడమే మంచిది. ఒకరన్న మాటను ఉన్నదున్నట్లు ఉదహరించవలసి వస్తే ఉద్ధరణ చిహ్నాల్లో ఉంచి, ఆ పిలుపు పడిన మనిషి నిజానికి ఏ ఊరివాడో పక్కనే తెలపాలి.