చైల్డ్ లాక్ పెట్టినా టీవీలో యూట్యూబ్ ఆగకపోతే: నా అనుభవం

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంట్లో 65 అంగుళాల 4కె గూగుల్ టీవీ (గూగుల్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే టీవీ) ఉంది. చైల్డ్ లాక్ పెట్టినా, బడి నుంచి రాగానే మావాడు యూట్యూబ్‌లో ఏది పడితే అది చూసేవాడు. పిన్ మార్చాం, యాప్ తీసేశాం, షాపువాళ్లు చెప్పిన ఫ్యాక్టరీ రీసెట్ కూడా చేశాం, లాభం లేదు.

ఆ లాక్ ప్రధానంగా టీవీ ఛానెళ్లకీ, ఇన్‌పుట్లకీ. యాప్ లోపల ఆడే వీడియోల్ని అది పట్టించుకోదు.

పనిచేసింది పిల్లల ప్రొఫైల్. సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కి వెళ్లి, పిల్లవాడి పేరు, వయసు ఇచ్చి ప్రొఫైల్ చేశాను. యాప్‌ల జాబితాలో పిల్లల యాప్‌లు మాత్రం ఉంచాను. తర్వాత ఆ ప్రొఫైల్ పేరెంటల్ కంట్రోల్స్‌లో రోజువారీ సమయం, నిద్రవేళ పెట్టాను.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అక్కడే ఉన్న ప్రొఫైల్ లాక్ ఆన్ చేసి, పిన్ ఇవ్వాలి. లేకపోతే పిల్లలు రిమోట్‌తో తేలిగ్గా పెద్దవాళ్ల ప్రొఫైల్‌లోకి వచ్చేస్తారు. పిన్ కొట్టేటప్పుడు పిల్లల్ని హాల్లో ఉండనివ్వకండి. అంత పెద్ద తెర మీద ఒక్కో అంకె మీదికి గడి కదులుతుంటే సోఫాలోంచే చదివేస్తారు!

మా ఇంట్లో ఇప్పుడు టెన్షన్ లేదు. కానీ ఇది గూగుల్ టీవీకే. శాంసంగ్ టీవీల్లోని టైజెన్, ఎల్‌జీ టీవీల్లోని వెబ్‌ఓఎస్ సాఫ్ట్‌వేర్‌లలో దారి వేరు. గూగుల్ టీవీలో కూడా కంపెనీని బట్టి మెనూ పేర్లు కాస్త మారొచ్చు. సెట్‌టాప్ బాక్స్ లాక్ మాత్రం ఆ బాక్స్ మెనూలోనే విడిగా పెట్టుకోవాలి.