సింగపూర్ వెళ్తున్నారా? ముందు మ్యాపు తెరవండి

వైజాగ్ నుంచి పిల్లల్నీ పెద్దవాళ్లనీ వెంటబెట్టుకుని సింగపూర్ వెళ్లేవాళ్లు చూడాల్సినవాటి లిస్టు రాసే ముందు మ్యాపు తెరవండి. జూ ఉన్న మండాయ్ ఉత్తరాన, బీచ్‌లున్న సెంటోసా దీవి దక్షిణపు కొసన. రెండూ ఒకే రోజు పెట్టుకోవడమంటే పొద్దున భీమిలి, మధ్యాహ్నం యారాడ అన్నట్టే. రోజుకి ఒక దిక్కు చాలు.

అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. ఉదయం 8 అయినా పిల్లల ఒంటికి ఇంకా 5:30. అందుకని మొదటి రోజు పొద్దున్నే ఏ టికెట్లూ బుక్ చేయకండి, లేపలేక మీకే టెన్షన్.

ఉక్కపోత మనకి కొత్త కాదు గానీ, వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం. మధ్యాహ్నం నీడపట్టున ఉండేవే పెట్టుకోండి. గార్డెన్స్ బై ద బే అనే పెద్ద పార్కులో క్లౌడ్ ఫారెస్ట్ అలాంటిదే: అద్దాల గోపురం కింద కొండ, జలపాతం, మీద పడే తుంపర. టికెట్ ఉంటుంది, లోపల చల్లగా ఉంటుంది. మామ్మగారికి ఓ శాలువా సంచిలో వేసుకోండి. బయటికొచ్చి కాసేపు కూర్చుంటే సూపర్‌ట్రీల దగ్గర, అంటే చెట్ల ఆకారంలో కట్టిన ఎత్తైన టవర్ల దగ్గర, లైట్ల షో రాత్రి 7:45కి, మళ్లీ 8:45కి. దానికి డబ్బులక్కర్లేదు.

భోజనానికి లిటిల్ ఇండియాలోని సెరంగూన్ రోడ్డు. ఇడ్లీ, దోశ దొరికితే పెద్దవాళ్ల గొణుగుడు సగం తగ్గుతుంది.