పెరట్లో చెట్టు కొట్టాలి: మనమే కొట్టుకోవచ్చా, మనిషిని పిలవాలా?

పెరట్లో చెట్టు అడ్డమొచ్చిందనుకోగానే ఇంట్లో ఎవరో ఒకరు గొడ్డలి కోసం అటక మీద వెతకడం మొదలుపెడతారు. "దీనికి మనిషెందుకు, డబ్బు దండగ. ఆదివారం పొద్దున్నే పట్టుకుంటే మధ్యాహ్నానికి అయిపోతుంది" అంటారు. పక్కింటివాళ్ళు కూడా "మీకిదెంత పనండీ" అని మునగచెట్టు ఎక్కిస్తారు. ఆ మాట ఊరికే పుట్టలేదు. మునగ కొమ్మ చూడ్డానికి లావుగానే ఉంటుంది, కాలు మోపితే పుటుక్కున విరుగుతుంది.

నేను పడింది మునగ మీంచి కాదు, బాదం దగ్గర. మా పెరట్లో నాటు బాదం కొమ్మ ఒకటి వంటింటి రేకుల మీదికి వచ్చింది. నిచ్చెన తెచ్చి అదే కొమ్మకు ఆనించాను, రేకుల వైపున్న భాగం రంపంతో కోశాను. కోసినంత సేపూ బాగానే ఉంది. అవతలి భాగం ఊడి కిందపడగానే, బరువు దిగిన కొమ్మ ఒక్కసారి జానెడు పైకి లేచింది. నిచ్చెన పై కొస దానికింద నుంచి ముందుకు జారింది. నేను గిన్నెలు తోమే గట్టు పక్కన పడ్డాను. ఆరు వారాలు మణికట్టుకి పిండికట్టు. "ఆ కొమ్మేదో ఇంకో ఏడాది ఉంటే ఏం పోయేదిరా" అని అమ్మ రోజూ అనేది.

ఆ తర్వాత నాకు నేను పెట్టుకున్న నియమం ఒకటే. రెండు కాళ్ళూ నేలమీద ఉండగా పూర్తయ్యే పనైతే నేను చేస్తాను. కాలు నేల వదలాల్సి వస్తే మనిషిని పిలుస్తాను. కింద చెప్పేదంతా మీ చెట్టు ఇందులో ఏ పక్క ఉందో తేల్చుకోవడానికే. అరటి, బొప్పాయి అయితే మాత్రం ఇదంతా చదవక్కర్లేదు, కత్తి తీసుకుని వెళ్ళండి.

ముందు: అసలు కొట్టాల్సిందేనా?

చెట్టు ఎండిపోయిందని కొట్టేద్దామనుకుంటే ఒక్క నిమిషం ఆగండి. 2021లో తెలంగాణలోనూ ఆంధ్రలోనూ ఊళ్ళకు ఊళ్ళు వేపచెట్లు కొసల నుంచి మాడిపోయినట్టు అయ్యాయి. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ అని పిలిచే రసం పీల్చే పురుగు. చచ్చిపోయాయనుకున్నవాటిలో చాలా చెట్లు మళ్ళీ చిగుళ్ళు వేశాయి. కాబట్టి ముందు గోటితోనో చాకుతోనో బెరడు కాస్త గీకి చూడండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే చెట్టు బతికే ఉంది. నాలుగైదు చోట్ల గీకాలి, ఒక కొమ్మ చూసి తీర్పు చెప్పకూడదు.

ఆకులు రాలి చెత్త అవుతోంది, ట్యాంకు మీద కొమ్మలు పడుతున్నాయి లాంటివి కొమ్మలు కొట్టిస్తే తీరే బాధలు. వేళ్ళు కాంపౌండు గోడను ఎత్తేస్తున్నా, మొదలే కుళ్ళిపోయినా అప్పుడు చెట్టు సంగతి ఆలోచించాలి.

కాగితం పని

మన స్థలంలో మన చెట్టు, మనిష్టం అనుకుంటాం. 2002 నాటి వాల్టా చట్టం అలా అనుకోదు. నీరు, భూమితో పాటు చెట్లు కూడా ఆ చట్టం కిందికే వస్తాయి. సొంత స్థలంలోదైనా కొట్టాలంటే అనుమతి తీసుకోవాలి, బదులుగా మొక్కలు నాటాలి. సరుగుడు, నీలగిరి, సుబాబుల్ లాంటి కొన్ని జాతులకు మినహాయింపు ఉంది. మీ చెట్టు ఆ జాబితాలో ఉందో లేదో అటవీ శాఖ ఆఫీసులో అడిగితే చెబుతారు. పట్టణంలో అయితే మున్సిపాలిటీలో కూడా అడగండి. టేకు, శ్రీగంధం, ఎర్రచందనం అయితే అడగకుండా చెయ్యి వేయకండి. కలప బండెక్కించాలన్నా పర్మిట్ కావాలి.

ఇది చాలామంది వదిలేసే పని. పక్కింటివాళ్ళతో ఏదైనా తగాదా ఉంటే మాత్రం మొదటి ఫిర్యాదు దీనిమీదే వెళుతుంది.

చెట్టు ఎత్తు ఎంత, పడడానికి చోటెంత?

సగం నిర్ణయం ఇక్కడే అయిపోతుంది. ఎండ ఉన్నప్పుడు మూడడుగుల కర్ర ఒకటి చెట్టు పక్కన నిలబెట్టండి. కర్ర నీడ, చెట్టు నీడ రెండూ కొలవండి. కర్ర నీడ 2 అడుగులు, చెట్టు నీడ 26 అడుగులు వచ్చిందనుకోండి, చెట్టు ఎత్తు 39 అడుగులు. రెండు కొలతలూ ఒకేసారి తీయాలి. టీ తాగి వచ్చేలోపు నీడ జరుగుతుంది.

ఇప్పుడు అంత పొడుగు ఖాళీ ఎటువైపుందో చూడండి. మన ఊళ్ళలో 200 గజాల ప్లాటంటే 36 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు ఉంటుంది. అందులో ఇల్లు, సంపు, బోరు, బండి పెట్టుకునే చోటు. 39 అడుగుల చెట్టు ఏ పక్కకి పడుకుంటుంది? ఎటు పడినా గోడో, రేకులో, పక్కింటి మేడో తగులుతుంది. అలాంటి చెట్టును మొదట్లో కోసి పడేయడం కుదరదు. పైకి ఎక్కి, కొసల నుంచి ముక్కముక్కగా తాడు కట్టి దించుకుంటూ రావాలి. అంటే కాళ్ళు నేల వదలాలి. గొడ్డలి కొట్టడం మీకు ఎంత బాగా వచ్చినా సరే, పట్నం పెరళ్ళలో చెట్లు చాలావరకు ఈ లెక్కతోనే మీ చేతిలోంచి జారిపోతాయి.

పల్లెలో దొడ్డి విశాలంగా ఉంటే వేరే సంగతి. అక్కడైనా చెట్టు ఎత్తుకు మరో సగం కలిపి ఖాళీ చూసుకోండి. కొమ్మలు విరిగి ఎగిరిపడతాయి.

బరువు చేతికి తెలియదు

నిలబడి ఉన్న చెట్టు బరువుగా కనిపించదు. అడుగు మందం, మూడడుగుల పొడవున్న పచ్చి దుంగ అరవై, డెబ్బై కిలోలు తూగుతుంది, అంటే సిమెంటు బస్తా కంటే ఎక్కువ. దాన్ని పదిహేను అడుగుల ఎత్తు నుంచి జారవిడిస్తే కింద గచ్చు మిగలదు. "నేను కొమ్మ కోస్తాను, నువ్వు కింద పట్టుకో" అని బావమరిదిని నిలబెట్టేవాళ్ళు ఈ లెక్క వేసుకోవాలి.

మొదలు చూడండి, వాలు చూడండి

దారానికి రాయి కట్టి చేతిలో వేలాడదీసి, దూరం నుంచి దాన్ని కాండంతో పోల్చి చూడండి. రెండు పక్కల నుంచీ చూస్తే చెట్టు ఎటు వాలిందో తేలుతుంది. కాండం నిటారుగా ఉన్నా కొమ్మలన్నీ ఒక పక్కే ఉంటే చెట్టు అటే పోతుంది. గోడ పక్కన పెరిగిన చెట్లన్నీ వెలుతురు కోసం ఇలా ఒక పక్కకే పెరుగుతాయి. బాగా వాలిన చెట్టు కోసేటప్పుడు మధ్యలో కాండం నిలువునా చీలి, వెనక ఉన్న మనిషిని తన్నేస్తుంది. అలాంటిది మనకొద్దు.

గొడ్డలి మడమతో మొదలు చుట్టూ తట్టండి. గట్టి చెక్క ఒక రకంగా పలుకుతుంది, డొల్ల చెట్టు డప్పులా మోగుతుంది. మొదట్లో పుట్టగొడుగులున్నా, చెద మట్టి పైదాకా పాకినా, వేళ్ళ దగ్గర నేల పగుళ్ళిచ్చినా చెట్టు లోపల బలం లేదని అర్థం. డొల్ల చెట్టును ఎటు పడేయాలో మనం నిర్ణయించలేం, అదే నిర్ణయించుకుంటుంది.

కొబ్బరి సంగతి విడిగా చెప్పాలి. కాండం మీద రంధ్రాలు, వాటిలోంచి నమిలిన పీచు, ఎర్రటి జిగురు కారుతుంటే ఎర్రముక్కు పురుగు పట్టిందని గుర్తు. బయటికి బాగానే కనిపించే చెట్టు లోపల గుల్లై ఉంటుంది, ఎక్కితే మోవు దగ్గర విరుగుతుంది. మనిషిని పిలిచినా ఈ మాట ముందే చెప్పండి. కోనసీమలో దింపు తీసేవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు, చెట్టు కింద నిలబడి చూసే పట్టేస్తారు. మిగతా ఊళ్ళలో చెప్పాలి.

పైన తేనెపట్టు, కందిరీగల గూడు, పిట్టల గూళ్ళు ఉన్నాయేమో కూడా చూసుకోండి. గూట్లో పిల్లలుంటే నెలాగితే ఏమీ కాదు.

కరెంటు తీగ ఉంటే చర్చే లేదు

చెట్టు గానీ, కొమ్మ గానీ, పడేటప్పుడు దాని కొస గానీ కరెంటు తీగను తాకే వీలుంటే ఆ పని మీది కాదు. మీరు పిలిచే కూలి మనిషిదీ కాదు, ముందు లైన్‌మన్‌ది. పచ్చి కొమ్మలోంచి కరెంటు పారుతుంది, తడి తాడులోంచీ పారుతుంది. ఇంటికి వచ్చే సర్వీసు వైరు "చిన్నదే కదా" అనుకోవద్దు. 1912కి ఫోన్ చేయండి, లేదా మీ సెక్షన్ ఆఫీసులో చెప్పండి. వాళ్ళు ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్ తీసుకుని లైను ఆపాకే పని మొదలవ్వాలి. "మెయిన్ ఆఫ్ చేశాంగా" అంటారు కొందరు. మీటరు దగ్గర మెయిన్ ఆపితే ఇంట్లో కరెంటు పోతుంది, బయట స్తంభం నుంచి వచ్చే తీగలో ఉంటుంది.

ఇక తేల్చుకోండి

చెట్టు పదిహేను అడుగుల లోపు ఉండాలి. కాండం చుట్టుకొలత 18 అంగుళాలు దాటకూడదు, అంటే ఆరంగుళాల మందం. దాదాపు నిటారుగా, గట్టిగా ఉండాలి. చుట్టూ ఖాళీ ఉండాలి, తీగలు ఉండకూడదు. వీటిలో ఒక్కటి తప్పినా నేను మనిషిని పిలుస్తాను. ఈ హద్దులు నావి. గొడ్డలి పట్టి పెరిగిన రైతుకి నవ్వు రావచ్చు, అపార్ట్‌మెంటులో పెరిగిన కుర్రాడికి ఇవి కూడా ఎక్కువే.

మీరే కొడుతుంటే

గాలి లేని ఉదయం మొదలుపెట్టండి. ఆషాఢం గాలుల్లో వద్దు, వాన వెలిసిన వెంటనే వద్దు. ఒంటరిగా అసలు వద్దు. చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి, కళ్ళకు అద్దాలు, తలకు హెల్మెట్ పెట్టుకోండి. బైకు హెల్మెట్ అయినా సరే, నవ్వేవాళ్ళు నవ్వుతారు.

చెట్టు ఎటు పడాలో ఆ దిక్కుకు వెనక్కి, ఏటవాలుగా రెండు పక్కలా తప్పుకునే దారులు శుభ్రం చేయండి. సరిగ్గా వెనక నిలబడకూడదు, మొదలు వెనక్కి తన్నొచ్చు. గెడకర్రతో మోకును వీలైనంత పైన పంగలో వేసి ముడి బిగించండి. మోకు పొడవు చెట్టు ఎత్తుకు రెట్టింపు ఉండాలి, లాగే మనిషి చెట్టు అందనంత దూరంలో ఉండాలి. మోకును చేతికి చుట్టుకోవద్దు.

ముందు, పడే వైపు గాటు. రంపంతో పై నుంచి ఏటవాలుగా, కింద అడ్డంగా కోస్తే పుచ్చకాయ ముక్కలాంటి చెక్క ఊడి వస్తుంది. లోతు మందంలో నాలుగో వంతు చాలు, ఆరంగుళాల కాండానికి అంగుళంన్నర. తర్వాత వెనక వైపు నుంచి, ముందు గాటు కంటే ఒక అంగుళం పైన అడ్డంగా కోయండి. రెండు కోతలూ కలిసిపోకూడదు, మధ్యలో అరంగుళం పైచిలుకు చెక్క మిగలాలి. తలుపుకి మడతబందు ఎలాగో చెట్టుకి ఆ చెక్క అలాగ. అది ఉన్నంతసేపూ చెట్టు మీరు చెప్పిన వైపే ఒరుగుతుంది. తెగిపోతే ఎటైనా పోతుంది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే, "ఇంకొంచెం కోద్దాం" అని.

చెట్టు కదిలి చిటపటమనగానే రంపం వదిలేసి శుభ్రం చేసిన దారిలో వెళ్ళిపోండి. రంపం పోతే కొనుక్కోవచ్చు.

చెట్లు కోసే మిషన్ అద్దెకు తెచ్చి మొదటిసారి దీనిమీదే నేర్చుకుందాం అనుకోకండి. దాని గొలుసు తిరిగే పట్టీ కొస పైభాగం చెక్కకు తగిలితే మిషన్ మొహం మీదికి ఎగురుతుంది. భుజం కంటే ఎత్తులో గానీ, నిచ్చెన మీద గానీ దాన్ని వాడకూడదు. ఆరంగుళాల చెట్టుకి చేతి రంపం చాలు.

గాలివానకు పడిపోయిన చెట్టు

పడిపోయింది కదా, ఇక భయమేముంది అనిపిస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖలో చెట్లను పడుకోబెట్టినప్పుడు ఇంటింటా గొడ్డళ్ళు బయటికి వచ్చాయి. కానీ పడిన చెట్టు కొమ్మలు విల్లులా వంగి ఉంటాయి, కోయగానే విదిల్చి కొడతాయి. వేళ్ళతో సహా లేచిన చెట్టు కాండం కోస్తే, మట్టిపెళ్ళ బరువుకు మోడు మళ్ళీ నిటారుగా లేచి గుంటలో కూర్చుంటుంది. ఆ గుంట దగ్గరికి పిల్లల్ని పోనివ్వకండి.

మనిషిని పిలుస్తుంటే

"ఎంత తీసుకుంటావు బాబూ" అని కాకుండా "ఎలా దించుతావు" అని అడగండి. పనొచ్చినవాడు చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, "ముందు ఈ కొమ్మ, తర్వాత అది, మోకు అక్కడ వేస్తాం" అని చెబుతాడు. చెట్టు వంక చూడకుండా రేటు చెప్పేవాణ్ణి పంపేయండి. నడుముకి తాడు కట్టుకుంటాడా, కింద ఇంకో మనిషి ఉంటాడా అడగండి. కట్టెలు ఎవరివి, ఆకూ అలమూ ఎవరు ఎత్తుకెళ్ళాలి, మోడు తీయడం కూలిలో ఉందా, గోడకి దెబ్బ తగిలితే ఎవరు పెట్టుకోవాలి, ఇవన్నీ మొదటి కొమ్మ తెగకముందే మాట్లాడుకోండి. కట్టెలు వాళ్ళే తీసుకెళ్తామంటే కూలి తగ్గుతుంది, పొయ్యిల కట్టెకు పనికొచ్చే చెట్టయితే ఇంకా తగ్గుతుంది. పొద్దున్నే మందు వాసనొస్తే ఆ రోజు కూలి ఇచ్చి పంపేసినా నష్టం లేదు, చెట్టు మాత్రం ఎక్కనివ్వకండి.

మోడు కూడా పెకలించే ఆలోచన ఉంటే నేల మట్టానికి కోయనివ్వకండి. నడుమెత్తు వదిలేయమనండి. చుట్టూ తవ్వి పక్కవేళ్ళు నరికాక, ఆ నడుమెత్తు మోడునే పట్టుకుని అటూ ఇటూ ఊపితే తల్లివేరు కదులుతుంది. నేల మట్టానికి కోసేస్తే పట్టుకోవడానికి ఏమీ ఉండదు, పొక్లెయిన్ పిలవాల్సిందే. మా బాదం మోడు అలాగే ఉండిపోయింది, ఇప్పుడు దానిమీద బట్టల బకెట్టు పెడుతున్నాం.