డాట్సన్ గో, రెడీగో: సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ఏం చూడాలి, మన ఎండల్లో ఎలా కాపాడుకోవాలి

2022 ఏప్రిల్‌లో నిస్సాన్ మన దేశంలో డాట్సన్ కార్లు ఆపేసింది. అప్పట్నుంచి గో, గో ప్లస్, రెడీగో బండ్లకు రేటు పడింది. అదే వయసున్న ఆల్టోకో వ్యాగనార్‌కో పెట్టే డబ్బు కంటే తక్కువకే అనంతపురంలోనూ కర్నూలులోనూ ఇవి చేతులు మారుతున్నాయి. చవకగా వస్తోందని మాత్రమే చూసి కొన్నవాళ్లు మొదటి హెడ్‌లైట్ పగిలిన రోజున తల పట్టుకుంటారు. లెక్క తెలిసి కొన్నవాళ్లకు ఇది ఇప్పటికీ మంచి బేరమే.

ఆ లెక్క ఇది: ఈ బండ్లలో ఇంజను, గేరుబాక్సు, సస్పెన్షన్ లాంటి లోపలి సామాన్లకు చుట్టాలున్నారు, అంటే అవే సామాన్లు వేరే బండ్లలోనూ ఉన్నాయి. లైట్లు, బంపర్లు, డోర్ల లాంటి పైసామాన్లకు ఎవరూ లేరు. కాబట్టి బండి చూడ్డానికి వెళ్లినప్పుడు మామూలుగా అందరూ చూసే దానికి తిరగేసి చూడాలి. ఇంజన్లో చిన్న లోపం ఉన్నా బేరమాడుకోవచ్చు, పైభాగం మాత్రం నిండుగా ఉండాలి.

ఏ మోడల్ ఏది

డాట్సన్ పేరు పాతది. 1911లో టోక్యోలో మసుజిరో హషిమోతో పెట్టిన సంస్థ 1914లో తయారు చేసిన డాట్ కారు నుంచి వచ్చింది. పెట్టుబడి పెట్టిన డెన్, అవోయామా, టకెయుచి పేర్ల మొదటి అక్షరాలే ఆ డాట్. 1930ల్లో నిస్సాన్ చేతికి వచ్చింది. 1980ల్లో ఆ పేరు పక్కన పెట్టిన నిస్సాన్, చవక కార్ల కోసం 2013 జులైలో ఢిల్లీలో గో కారు చూపించి మళ్లీ బయటికి తీసింది. బండ్లన్నీ చెన్నై దగ్గర ఒరగడం ఫ్యాక్టరీలో తయారైనవే.

2014 మార్చిలో గో వచ్చినప్పుడు ఢిల్లీ ఎక్స్‌షోరూం ధర 3.12 లక్షలు. ఇది నిస్సాన్ మైక్రా వేదిక మీద కట్టిన బండి, ఇంజను కూడా మైక్రాలో వచ్చిన 1,198 సీసీ మూడు సిలిండర్ల పెట్రోల్ ఇంజనే. టైమింగ్ బెల్టు కాదు, చైను. 68 పీఎస్ శక్తి, తేలికైన బాడీ, అందుకే జాతీయ రహదారి మీద ఈ ధరలో ఇంత చురుగ్గా పోయే బండి తక్కువ. కానీ మొదటి గో బండ్లలో ఎయిర్‌బ్యాగులు లేవు, 2014 నవంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ బండ్లను గుద్దించి చేసే పరీక్షలో పెద్దవాళ్ల రక్షణకు సున్నా స్టార్లు వచ్చాయి. 2018 అక్టోబరులో వచ్చిన కొత్త రూపంలో రెండు ఎయిర్‌బ్యాగులు, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ అన్ని వేరియంట్లకూ ఇచ్చారు. హైవే మీద కుటుంబంతో తిరిగేవాళ్లు 2018 చివర్లో వచ్చిన గోకు ముందువాటి జోలికి పోవద్దు. ఆ తేడాకు నలభై, యాభై వేలు ఎక్కువైనా పెట్టండి. ఇందులో మొహమాటానికి చోటు లేదు.

గో ప్లస్ 2015 జనవరిలో వచ్చింది. ఏడు సీట్లంటారు గానీ వెనక వరస చిన్నపిల్లలకే. ఆ సీటు మడిచి సామాను పెట్టుకునేవాళ్లకు పనికొస్తుంది.

రెడీగో 2016 జూన్‌లో 2.38 లక్షలకు వచ్చింది. దీని ఇంజను, గేరుబాక్సు, చాసిస్ రెనో క్విడ్‌తో ఒకటే. మొదట 799 సీసీ, 54 పీఎస్. 2017 జులైలో 999 సీసీ, 68 పీఎస్ వచ్చింది. 2018లో ఏఎంటీ (క్లచ్ తొక్కక్కర్లేని గేర్లు), 2020లో బీఎస్6 (కొత్త పొగ నిబంధనలకు సరిపడే ఇంజను) వచ్చాయి. టౌన్లో తిరగడానికి 0.8, అంటే 799 సీసీది చాలు. ఏసీ వేసి నలుగురితో కడప నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్ ఎక్కాలంటే మాత్రం 1.0 తీసుకోండి. 0.8లో రెండో గేరు పట్టుకుని ఏసీ ఆపుకోవాల్సి వస్తుంది.

కాగితాలు

మన దగ్గర అమ్మకానికి వచ్చే వాటిలో బెంగళూరు, హైదరాబాద్ బండ్లు చాలా ఉంటాయి. కేఏ, టీఎస్ నంబర్ల బండి రేటు తక్కువ చెప్తారు. దాని మీద ఆంధ్రాలో మళ్లీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపి చూసుకోండి. బయటి రాష్ట్రం బండికి ఫారం 28 కింద అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడ కొత్త నంబరుకు ఫారం 27, పేరు మార్పుకు ఫారం 29, 30 కావాలి. ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఫారం 35 తీసుకోకుండా డబ్బు ఇవ్వొద్దు. ఎన్‌ఓసీ చేతికొచ్చాకే మొత్తం ఇవ్వండి, "తర్వాత పంపిస్తాం" అంటే బయానాతో ఆపండి. సి బుక్కులోని 17 అక్షరాల చాసిస్ నంబరు, బండి మీద గుద్దిన నంబరు అక్షరం అక్షరం కలవాలి. పేరు మారాక 14 రోజుల్లో ఇన్సూరెన్స్ కూడా మీ పేరుకు మార్పించుకోండి. లేకపోతే యాక్సిడెంటయినప్పుడు ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగిన నష్టం) క్లెయిమ్ దగ్గర చిక్కొస్తుంది.

బండి చూసే పద్ధతి

పొద్దున్నే, ఇంజను చల్లగా ఉండగా వెళ్లండి. ముందురోజే "స్టార్ట్ చేసి ఉంచొద్దు" అని చెప్పండి. బానెట్ మీద చెయ్యి పెడితే వేడిగా తగిలితే కారణం అడగండి.

మొదట బయట. హెడ్‌లైట్లు, టెయిల్ లైట్లు, ముందు అద్దం, సైడ్ మిర్రర్లు, బంపరు క్లిప్పులు, డోర్ హ్యాండిళ్లు ఒక్కొక్కటీ ముట్టుకుని చూడండి. ఇవి డాట్సన్‌కే ప్రత్యేకం, దొరకడానికి వారాలు పట్టొచ్చు. పగుళ్లున్నా, లోపల తేమ పట్టి మసకబారినా ఆ సామాను రేటు కనుక్కున్నాకే ధర మాట్లాడండి. డోర్ల రేకు పలచన. అందుకే టింకరింగ్ చేసిన చోట వేలితో తడితే మొద్దు శబ్దం వస్తుంది, మిగతాచోట గలగలమంటుంది. డిక్కీలో మ్యాట్ ఎత్తి స్టెప్నీ గుంత చుట్టూ వెల్డింగు అతుకులు చూడండి. అక్కడ రేకు ముడతపడి ఉంటే వెనకనుంచి గట్టి దెబ్బ తగిలిన బండి. దాన్ని వదిలేయండి.

స్టార్ట్ చేశాక ఐడిల్‌లో కొంచెం వణుకు ఉంటుంది, మూడు సిలిండర్ల ఇంజను గనుక అది సహజం. సీటు, స్టీరింగు దడదడలాడితే అది ఇంజన్ మౌంటుదో (ఇంజన్ను పట్టి ఉంచే రబ్బరు దిమ్మ), మిస్‌ఫైరుదో (ఒక సిలిండరు సరిగ్గా మండకపోవడం) తేల్చాలి. బానెట్ తీసి, మనిషి ఎవరూ ముందు నిలబడకుండా, బ్రేకు గట్టిగా తొక్కి ఫస్టు గేరులో క్లచ్ కొద్దిగా వదలమనండి. ఇంజను ఒక పక్కకు బాగా ఎగిరితే మౌంటు పోయింది. కదలకుండా ఉండి, ఆర్‌పీఎం పడుతూ లేస్తూ ఉంటే ప్లగ్గో, ఇగ్నిషన్ కాయిలో. మౌంటయినా కాయిలైనా భయపడాల్సిన పని కాదు గానీ ధరలో తగ్గించుకోవాలి.

మొదటి గో బండ్లలో గేరు రాడ్డు డాష్‌బోర్డులోంచి వస్తుంది, హ్యాండ్ బ్రేకు కూడా డాష్‌బోర్డు కింద లాగే పిడి. ఆ పిడి చాలామంది సగమే లాగుతారు, కేబుల్ సాగిపోతుంది. చిన్న వాలు మీద ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, పిడి లాగి బ్రేకు వదలండి. జారితే వెనక డ్రమ్ములు తీసి సర్దించాలి.

తోలేటప్పుడు స్పీడ్ బ్రేకర్ల మీద నెమ్మదిగా పోనిచ్చి "టక్ టక్" వినండి. లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు ముందుగా పోయేవి ఇవే. తాడిపత్రి, బేతంచెర్ల వైపు నాపరాళ్ల లారీలు తిరిగే రోడ్ల మీద నడిచిన బండ్లలో మరీ తొందరగా అరుగుతాయి. టైరు పక్కన నాలుగంకెలు చదవండి: 2319 అంటే 2019లో 23వ వారం. గీతలు లోతుగా ఉన్నా ఆరేళ్లు దాటిన టైరును లెక్కలోంచి తీసేయండి. మన ఎండకు రబ్బరు పగుళ్లిస్తుంది. రెడీగోలో చక్రానికి మూడే నట్లు, ఒక్కటి వదులైనా ప్రమాదమే కాబట్టి స్పానరు పెట్టి చూడండి.

ఏసీని మాత్రం పొద్దున పరీక్షించినా లాభం లేదు. మధ్యాహ్నం రెండింటికి మళ్లీ వెళ్లి, బండి నిలబెట్టే పది నిమిషాలు ఏసీ నడపండి. పోతుంటే చల్లగా ఉండి, నిలబడితే వేడి గాలి వస్తే రేడియేటర్ ఫ్యాను గానీ, దుమ్ముతో మూసుకుపోయిన కండెన్సరు (ముందుభాగంలో ఏసీ వేడిని బయటికి వదిలే జల్లెడ లాంటిది) గానీ కారణం.

కొన్న మొదటి వారం

సర్వీసు పుస్తకంలో ఏం రాసి ఉన్నా ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు మార్చేయండి. మూడు లీటర్ల క్యాను తీసుకుని, రెండున్నర పోసి, అక్కణ్నుంచి డిప్‌స్టిక్ చూసుకుంటూ నింపండి. గ్రేడు హ్యాండ్‌బుక్‌లో ఉన్నదే వాడాలి. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో తెలియకపోతే అదీ మార్చండి, ఆ తర్వాత రెండేళ్లకోసారి. బ్యాటరీని మల్టీమీటరుతో చూడండి: ఇంజను ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 వోల్టుల దగ్గర, నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యం రేడియేటరు. మన జిల్లాల్లో బోరునీళ్లు ఉప్పునీళ్లు. పాత యజమాని బాటిల్‌తో బోరునీళ్లు పోస్తూ వచ్చి ఉంటే సన్నని గొట్టాల్లో తెల్లటి పొర కడుతుంది. శీతాకాలంలో ఏమీ తెలియదు, ఏప్రిల్‌లో ఏసీ వేసి ఎన్‌హెచ్ 44 ఎక్కగానే ఇంజను వేడెక్కుతుంది, హెడ్ గ్యాస్కెట్ పోతుంది. ఆ రిపేరు బండి ధరలో పెద్ద భాగాన్ని తినేస్తుంది. చల్లారిన ఇంజన్లో మాత్రమే మూత తీసి చూడండి. రంగు లేకుండా, లేదా తుప్పు రంగులో ఉంటే మొత్తం దించి, డిస్టిల్డ్ వాటరుతో రెండుసార్లు కడిగి, కూలెంటు, డిస్టిల్డ్ వాటరు సగం సగం కలిపి నింపండి. లోపలి గాలి పోయేదాకా ఇంజను నడిపి మట్టం మళ్లీ చూడాలి. ఈ ఒక్క పని చాలామంది మెకానిక్కులు చెయ్యరు, చెప్పి చేయించుకోండి.

దుమ్ము, ఎలుకలు, ఎండ

పదివేల కిలోమీటర్లకో ఏడాదికో సర్వీసు అనేది సాధారణ రోడ్ల లెక్క. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల దారుల్లో, పొలం బాటల్లో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరును ఐదువేలకే తీసి చూడండి. వెలుతురుకు పట్టుకుంటే కాగితం మడతల్లోంచి వెలుగు కనబడకపోతే మార్చాలి. కండెన్సరును మెల్లగా పడే నీళ్లతో కడగాలి. ప్రెజర్ వాషరు దగ్గరగా పెడితే దాని రెక్కలు వాలిపోయి గాలి ఆగిపోతుంది.

వేరుశనగ కాయలు ఇంటికి చేరే రోజుల్లో బానెట్‌లోకి ఎలుకలు దూరతాయి. ఒక్క ఇంజెక్టరు వైరు కొరికినా బండి మూడు సిలిండర్లలో రెండింటి మీదే నడుస్తుంది. కాయల బస్తాల పక్కన బండి నిలపకండి, రోజూ కాసేపు స్టార్ట్ చెయ్యండి, వైర్ల మీద ముడతల గొట్టం తొడిగించండి.

ఈ బండ్లన్నీ ఈ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపింది) కోసం తయారైనవి కావు. పెట్రోలు పైపులు, క్లిప్పుల దగ్గర చెమ్మ, వాసన ఉందేమో ఆరు నెలలకోసారి చూపించండి. నెలల తరబడి నిలిపేటట్టుంటే ట్యాంకులో పాత పెట్రోలు ఉంచొద్దు.

సామాన్లు ఎలా తేవాలి

దుకాణంలో "డాట్సన్‌ది ఇవ్వండి" అంటే చాలాసార్లు లేదనే అంటారు. రెడీగోకు క్విడ్, గోకు మైక్రా పెట్రోల్ అని అడగండి, పాత సామాను చేతిలో పెట్టుకుని వెళ్లండి. నిస్సాన్, రెనో పార్టు నంబర్లలో మొదటి ఐదంకెలు అది ఏ రకం సామానో చెప్తాయి: 15208 అంటే ఆయిల్ ఫిల్టరు, 16546 ఎయిర్ ఫిల్టరు, 22401 స్పార్క్ ప్లగ్గు. మిగతా అంకెలు కూడా కలిస్తేనే డబ్బు ఇవ్వండి, ఎందుకంటే 0.8కీ 1.0కీ, బీఎస్4కూ బీఎస్6కూ తేడాలుంటాయి. నంబరు తెలియకపోతే చాసిస్ నంబరు ఇచ్చి నిస్సాన్ సర్వీస్ సెంటరులో కనుక్కోవచ్చు. కంపెనీ అమ్మకం ఆపినా సర్వీసు, సామాన్లు ఇస్తామని చెప్పింది.

పైసామాన్లకు రెండు దారులు. కొత్తవి కావాలంటే సర్వీస్ సెంటరులో ఆర్డరు పెట్టి ఆగాలి. పాతవైనా ఫరవాలేదంటే చెన్నై పుదుపేటలోనో, బెంగళూరు జేసీ రోడ్డులోనో వెతికించాలి. అనంతపురం నుంచి బెంగళూరు దగ్గరే, ఒక రోజులో వెళ్లి రావచ్చు. వెళ్లే ముందు మీ బండి లైటు ఫొటో, తయారైన సంవత్సరం ఫోన్లో పంపండి. 2018 అక్టోబరుకు ముందు గో ముఖం వేరు, తర్వాతది వేరు. రెడీగో ముఖం కూడా 2020లో మారింది. డబ్బు ఇచ్చేముందు లైటు వెనక బిగించే చెవులు విరగలేదని చూసుకోండి. విరిగినదాన్ని జిగురుతో అతికించి అమ్మితే మొదటి గతుకులోనే ఊడుతుంది.