తొలిసారి ఒంటరిగా విదేశానికి: ఖర్చు తక్కువ దేశాన్ని ఎంచుకునే ముందు గోదావరి జిల్లాల వారికి జాగ్రత్తలు

అమలాపురం, పాలకొల్లు, భీమవరం ప్రాంతాల నుంచి ఒంటరిగా విదేశయాత్రకు వెళ్లాలనుకునే యువతీయువకులు సాధారణంగా విమాన టికెట్టు ధర చూసి దేశాన్ని నిర్ణయించుకుంటున్నారు. నా దృష్టిలో అంతకంటే ముందు చూడవలసినది వేరే ఉంది. జ్వరం వచ్చినా, ఫోను పోయినా, ఇంటి నుంచి కబురు వచ్చినా, చేతిలో ఉన్న డబ్బుతో ఒకటి రెండు రోజుల్లో తిరిగి రాగలమా అన్నదే తొలిసారి వెళ్లేవారు వేసుకోవలసిన మొదటి ప్రశ్న. ఈ ప్రశ్నకు నిలబడే దేశాలలో ఏది చౌకో ఆ తరువాత చూసుకోవచ్చు.

ఒంటరి ప్రయాణపు లెక్క కుటుంబ ప్రయాణపు లెక్క వంటిది కాదు. నలుగురు వెళ్తే కారు అద్దె, గది అద్దె, గైడు రుసుము నాలుగు భాగాలవుతాయి. ఒక్కరే వెళ్తే మొత్తం భారం ఆ ఒక్కరి మీదే పడుతుంది. అందువల్ల బస్సులు, రైళ్లు, మంచానికి ఇంతని తీసుకునే హాస్టళ్లు ఉన్న దేశాలే ఒంటరివారికి నిజంగా చవక. భూటాన్ దగ్గరి దేశమే అయినా భారతీయులు అక్కడ గడిపే ప్రతి రాత్రికీ 1,200 రూపాయల సుస్థిరాభివృద్ధి రుసుము చెల్లించాలి, దానిపై వాహనం, గైడు ఖర్చులూ ఉంటాయి. మాల్దీవులలో ఒక దీవి నుంచి మరో దీవికి స్పీడు బోటు చార్జీలే సంచిని ఖాళీ చేస్తాయి. ఈ రెండింటినీ తోడు దొరికినప్పటికి వాయిదా వేసుకోవడం మంచిది.

తొలి ప్రయాణానికి నేను ముందుగా చెప్పే పేరు శ్రీలంక. కాకినాడలో సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాటికి చెన్నై చేరవచ్చు. అక్కడి నుంచి కొలంబోకు విమానంలో సుమారు గంటన్నర ప్రయాణం. కొబ్బరి, వరి అన్నం, చేపల కూర రోజూ తినే మన కోనసీమ వారికి అక్కడ తిండి కోసం వెతుక్కోవలసిన పని ఉండదు. రైళ్లు, బస్సులు చవక. అన్నిటికంటే నాకు ధైర్యమిచ్చే విషయం, 1990 నంబరుకు ఫోను చేస్తే వచ్చే ఉచిత అంబులెన్సు సేవ. అది భారత ప్రభుత్వ సాయంతో 2016లో మొదలైంది. వాతావరణం విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. మే నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాలు ఆ దేశపు దక్షిణ, పశ్చిమ భాగాలను తడుపుతాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పు, ఉత్తర భాగాలను తడుపుతాయి. కనుక దాళ్వా (రెండో పంట వరి) నాట్లు పూర్తయి పొలం పని కాస్త తెరిపిచ్చే ఫిబ్రవరిలో నైరుతి తీరంలోని గాలె, కొలంబో వైపు, కళాశాల సెలవులుండే మే నెలలో తూర్పు తీరంలోని ట్రింకోమలీ వైపు వెళ్లడం సబబు. నవంబరు నెలాఖరు ఎంత ప్రమాదకరమో 2025లో దిత్వా తుపాను ఆ దేశంలో సృష్టించిన విధ్వంసమే చెబుతుంది.

థాయిలాండ్, మలేషియాలు తరువాతి వరుసలోవి. మలేషియా 2023 డిసెంబరు 1 నుంచి భారతీయులకు 30 రోజుల వరకు వీసా లేని ప్రవేశాన్ని ఇచ్చింది. థాయిలాండ్ 2024 జులైలో తన గడువును 60 రోజులకు పెంచింది. ఇటువంటి సడలింపులు ఎప్పుడైనా మారవచ్చు. ఇరాన్ ఇచ్చిన వీసా మినహాయింపును మోసగాళ్లు ఉద్యోగాల ఎరగా వాడుకుని, వెళ్లినవారిలో కొందరు అపహరణకు గురైన తరువాత, 2025 నవంబరు 22 నుంచి ఆ మినహాయింపు నిలిచిపోయింది. కాబట్టి ఎవరో చెప్పిన మాట మీద ఆధారపడకుండా, టికెట్టు కొనే రోజునే ఆ దేశపు రాయబార కార్యాలయం వెబ్‌సైటులో నియమాలు చదవండి. థాయిలాండ్ 2025 మే 1 నుంచి తప్పనిసరి చేసిన డిజిటల్ అరైవల్ కార్డు (ఆ దేశానికి చేరే ముందు ఆన్‌లైన్‌లో నింపే ప్రవేశ పత్రం) ఉచితం. దానికి డబ్బు అడిగే వెబ్‌సైటు ఏదైనా అసలుది కాదని గుర్తించండి. అక్కడ పర్యాటక పోలీసుల నంబరు 1155. ఫుకెట్, క్రాబీ తీరాలకు మే నుంచి అక్టోబరు వరకు, సముయ్ దీవికి అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానకాలం.

వియత్నాంలో తిండి, బస చాలా చవక. ఒకసారి ప్రవేశానికి ఈ-వీసా 25 డాలర్లు. అయితే అక్కడ మోటారు సైకిలు అద్దెకు తీసుకుని కొండదారుల్లో తిరగాలన్న కోరికతో వెళ్లేవారు ఒక విషయం తెలుసుకోవాలి. మన రవాణా శాఖ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగు పర్మిటు 1949 నాటి ఒప్పందం ప్రకారం జారీ అయ్యేది. వియత్నాం గుర్తించేది 1968 నాటి ఒప్పందపు పర్మిటును. అంటే 50 సీసీ దాటిన బండిని మన పర్మిటుతో నడపడం అక్కడ చట్టబద్ధం కాదు, ప్రమాదం జరిగితే బీమా సంస్థ పరిహారం నిరాకరించే అవకాశం ఎక్కువ. బస్సుల్లో, రైళ్లలో తిరగడానికి సిద్ధపడితేనే వియత్నాం ఎంచుకోండి. మధ్య తీరంలోని హోయాన్, హ్యూ నగరాలలో అక్టోబరు, నవంబరు నెలల్లో వరదలు సాధారణం. నేపాల్‌కు వీసా అక్కర్లేదు, విమానంలో వెళ్లేవారు పాస్‌పోర్టు గాని ఓటరు కార్డు గాని చూపాలి. కొండల్లో ట్రెక్కింగుకు మాత్రం 2023 ఏప్రిల్ నుంచి గైడు తప్పనిసరి కనుక ఆ రుసుమును ముందే లెక్కలో వేసుకోవాలి.

దేశం కుదిరాక, మన ఊరి నుంచి విమానాశ్రయానికి చేరే దారి గురించి ఆలోచించండి. ప్రయాణం మనకు గోదావరి పాయల మధ్యనున్న లంక గ్రామంలోనే మొదలవుతుంది. జులై, ఆగస్టు నెలల్లో ధవళేశ్వరం వద్ద గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది ఇస్తారు. కనకాయలంక కాజ్‌వే వంటివి మునిగిపోయాక పడవే దిక్కు. ఆ సమయంలో శంషాబాద్‌లో విమానం అందుకోవాలనుకోవడం జూదమే. ఆ నెలల్లో టికెట్టు ఉంటే రెండు రోజుల ముందే గట్టు మీది ఊళ్లో బంధువుల ఇంటికి చేరండి. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాన్ల భయం ఉంటుంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నర్సాపురం సమీపంలో తీరం దాటినప్పుడు రైళ్లు, విమానాలు రద్దయ్యాయి. మధురపూడి (రాజమండ్రి విమానాశ్రయం) నుంచి హైదరాబాదుకు ఒక టికెట్టు, అక్కడి నుంచి విదేశానికి మరో టికెట్టు విడివిడిగా కొన్నవారికి మొదటి విమానం ఆలస్యమైతే రెండవ సంస్థ ఏ బాధ్యతా వహించదు. ఆ రెండింటి మధ్య ఒక రాత్రి ఉంచుకోవడం వల్ల అయ్యే గది అద్దె, పోయే టికెట్టు కంటే చాలా తక్కువ.

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికంటే ముఖ్యమైన విషయం. మన జిల్లాల నుంచి కువైట్, ఒమన్, ఖతార్ వెళ్లి ఇళ్లు నిలబెట్టిన మహిళలు వేలల్లో ఉన్నారు. ఆ నమ్మకాన్నే ఆసరా చేసుకుని కొందరు ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపి, అక్కడ పనిలో పెడతామంటారు. పర్యాటక వీసా మీద పని చేయడం చట్టవిరుద్ధం. జీతం ఇవ్వకపోయినా, పాస్‌పోర్టు లాక్కున్నా ఫిర్యాదు చేసే బలం మీకు ఉండదు. పదో తరగతి పూర్తికాక ఈసీఆర్ (వలస తనిఖీ అవసరమనే గుర్తు ఉన్న) పాస్‌పోర్టు ఉన్నవారు గల్ఫ్ వంటి నిర్దేశిత దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు తప్పదు. ఏజెంటు పేరు విదేశాంగ శాఖ నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడకుండా ఒక్క రూపాయి ఇవ్వవద్దు. అదేవిధంగా, థాయిలాండ్ విహారయాత్ర టికెట్టు ఉచితంగా ఇస్తాం, అక్కడ కంప్యూటరు ఉద్యోగమూ చూపిస్తాం అనేవారిని దగ్గరికి రానివ్వకండి. ఆ దారి థాయ్ సరిహద్దు పట్టణం మేసాట్ మీదుగా నది దాటి మయన్మార్‌లోని సైబరు మోసాల శిబిరాలకు చేరుస్తుంది. కంబోడియాలో అటువంటి శిబిరాలకు మన రాష్ట్ర యువకులను తరలించిన వ్యవహారాన్ని 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. మీ టికెట్టు మీరే కొనుక్కోవడం మీ స్వేచ్ఛకు మొదటి రక్షణ.

ప్రయాణ విషయం తెలియగానే ఇరుగుపొరుగు వారు పార్సిళ్లు తెస్తారు. ఆత్రేయపురం పూతరేకులైనా, ఆవకాయ జాడీ అయినా, మీ చేతులతో కట్టనిది ఏదీ తీసుకోకండి. పిన్నిగారు బాధపడతారన్న మొహమాటానికి జైలు వెల కావచ్చు. మన మసాలాల్లో వేసే గసగసాలు యూఏఈ, సౌదీ అరేబియా, సింగపూర్‌లలో నిషిద్ధం. ట్రమడాల్, కొడీన్ ఉన్న మందులకు గల్ఫ్ దేశాలలో కఠినమైన ఆంక్షలున్నాయి. వాడక తప్పనివారు డాక్టరు చీటీతో పాటు అక్కడి ముందస్తు అనుమతి నియమాలూ చూసుకోవాలి.

డబ్బు విషయం క్లుప్తంగా చెబుతాను. బ్యాంకు కార్డులో అంతర్జాతీయ వాడకాన్ని యాప్‌లో మీరే తెరవాలి, రెండు కార్డులను వేర్వేరు చోట్ల ఉంచుకోవాలి, యంత్రం రూపాయల్లో చెల్లిస్తారా అని అడిగితే స్థానిక కరెన్సీనే ఎంచుకోవాలి. ఓటీపీలు అందడానికి మన సిమ్‌లో రోమింగ్ తెరిచి ఉంచండి. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉందో లేదో చూసుకోండి. తిరుగు ప్రయాణపు టికెట్టుకు సరిపడా సొమ్మును ఖర్చుల లెక్కలోకి రానివ్వకుండా వేరే ఖాతాలో ఉంచండి. ఆ సొమ్ము కూడలేదంటే ఈ ఏడాదికి ప్రయాణం మానుకోవడమే మంచిది. ఆసుపత్రి ఖర్చుతో పాటు స్వదేశానికి తరలింపు కూడా వర్తించే ప్రయాణ బీమా తీసుకుని, దాని షరతులు పూర్తిగా చదవండి.

బయలుదేరే ముందు పాస్‌పోర్టు, వీసా, టికెట్టు, బీమా ప్రతులు, బస చేసే చోటి చిరునామా, ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయపు అత్యవసర నంబరు ఇంట్లో ఒకరికి ఇవ్వండి. రోజూ ఏ వేళకు ఫోను చేస్తారో ముందే చెప్పండి; రెండు రోజులు వరుసగా ఫోను రాకపోతే మొదట బసకు, తరువాత రాయబార కార్యాలయానికి ఫోను చేయాలని, ఆపై విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలని తల్లిదండ్రులకు కాగితం మీద తెలుగులో రాసి ఇవ్వండి.